మేనల్లుడి పెద్ద పికప్పు: ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు రివ్యూ

బండి నాది కాదు, మా మేనల్లుడిది. చిట్యాల, చౌటుప్పల్ వైపు ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. నల్లగొండలో కొత్త ఇల్లు కట్టుకుంటూ, బండి నిలపడానికి చోటు లేక మా ఇంటి ఆవరణలో పెట్టి, "మామా, తాళాలు నీ దగ్గరే ఉంచుకో. తోట పనికి వాడుకో. ఊరికే నిలబెడితే బ్యాటరీ పోతుంది" అన్నాడు. కనగల్ దగ్గర మాకు బత్తాయి తోట ఉంది. అక్కడికీ, నల్లగొండ బజారుకీ, అప్పుడప్పుడు హైదరాబాదుకూ ఈ బండిని నేనే నడిపాను. ఒక కాపు కోత మొత్తం దీనితోనే గడిచింది కాబట్టి రివ్యూ రాసే హక్కు నాకు వచ్చిందనుకుంటున్నాను.

కంపెనీ పేరు రాయను. నేను చెప్పబోయే లోపాలు ఒక కంపెనీవి కావు, ఈ రకం బండ్లన్నిటివీ. వాటిలో కొన్ని అసలు కంపెనీ ఇచ్చినవే కావు, మావాడు హైదరాబాదులో విడిగా డబ్బు పోసి కొనుక్కున్నవి. నాలుగు తలుపుల పికప్పు అంటే అందరికీ తెలుస్తుంది: ముందు అయిదుగురు కూర్చునే కారు, వెనక సామాను వేసుకునే తొట్టి. పొడవు 5.3 మీటర్లు, అంటే పదిహేడు అడుగుల పైమాటే. అద్దాలు కలపకుండా వెడల్పు 1.86 మీటర్లు. బరువు అటూ ఇటూగా రెండు టన్నులు. ఇది చాలదన్నట్టు మావాడు బండిని రెండు అంగుళాలు పైకి లేపించాడు, లావు టైర్లు వేయించాడు, ముందు ఇనుప గార్డు బిగించాడు, నెత్తిన లైట్ల పట్టీ పెట్టించాడు.

నా గురించి ఒక్క మాట. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాను. దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ రూట్లలోనే ఉద్యోగమంతా గడిచింది. కొత్త బండి ఎక్కగానే చాలామంది సీటు ఎంత మెత్తగా ఉందో చూస్తారు, పాటలు ఎలా వినిపిస్తున్నాయో చూస్తారు. నేను అద్దాలు సరిచేసుకుని, ఎక్కడెక్కడ ఏమేమి కనబడటం లేదో చూస్తాను. కాబట్టి ఈ రివ్యూలో పాటల పెట్టె గురించి సమాచారం ఉండదు.

మంచి ముందు చెబుతాను. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కిన తర్వాత ఈ బండికి వంక పెట్టడం కష్టం. డీజిల్ ఇంజను, పుష్కలమైన లాగుడు. లారీని దాటాలంటే గేరు తగ్గించి ఆలోచించుకునే పని లేదు. ఏసీ మండు వేసవిలో కూడా వెనక సీటు దాకా చల్లగా తగులుతుంది. ఎత్తులో కూర్చుంటాం కాబట్టి ముందు వెళ్లే రెండు మూడు కార్ల అవతలి సంగతి కూడా తెలుస్తుంది. చౌటుప్పల్ దాటేదాకా మా ఆవిడ హాయిగా నిద్రపోయింది, నా పక్కన ఆమె నిద్రపోయిన బండ్లు తక్కువ. అయితే ఎక్కడం, దిగడం ఆమెకు పెద్ద పరీక్ష. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మామూలు పికప్పే ఎత్తు. రెండు అంగుళాలు లేపిన తర్వాత ఇంట్లోంచి చిన్న స్టూలు తెచ్చి వేయవలసి వచ్చింది. ఆ స్టూలు ఇప్పుడు బండిలోనే ఉంటుంది.

వెనక సస్పెన్షను కమాను పట్టీలది. తొట్టి ఖాళీగా ఉంటే గతుకుల రోడ్డులో వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. బరువు వేస్తే కుదురుకుంటుంది. మావాడి బండిలో బరువు ఎప్పుడూ ఉండదు. డీజిలు నా చేతిలో లీటరుకు పది, పదకొండు కిలోమీటర్లు ఇచ్చింది. లావు టైర్లు లేకపోతే ఇంకొంచెం వచ్చేదేమో.

ఇక పని సంగతి. పికప్పు అన్నారు కాబట్టి సామాను మోయాలి కదా. వెనక తొట్టి అయిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. ఇలాంటి నాలుగు తలుపుల బండ్లకు మన దేశంలో కాగితాల మీద ఉన్న మోత అర టన్ను లోపే. బత్తాయి మనం టన్నుల లెక్కన అమ్ముకునే సరుకు. కోత రోజున కూలీలు ట్రేలు నింపి తెచ్చి తొట్టిలో పేరుస్తుంటే, ఒక వరుస చెట్లు పూర్తి కాకముందే చోటు అయిపోయింది. మేస్త్రీ నా మొహం చూశాడు. ఏమీ అనలేదు గాని, ఆ చూపులో "ఇంత బండి తెచ్చి ఇంతేనా" అన్నది స్పష్టంగా ఉంది. 3.8 మీటర్ల పొడవుండే టాటా ఏస్ మొదట వచ్చినప్పుడే ముప్పావు టన్ను మోసేది. బొలెరో పికప్పు టన్నుంపావు మొదలుకొని పైకి మోస్తుంది, ధర దీని ధరలో మూడో వంతుకు కొంచెం అటూ ఇటూ. తోట పనికి ఈ బండిని వాడటం పెళ్లి గుర్రంతో పొలం దున్నించినట్టుంది.

తోటలో ఇంకో ఇబ్బంది. మా చెట్లు ఇరవై అడుగుల ఎడంతో ఉన్నాయి. ఈ బండి పూర్తిగా తిరగాలంటే నలభై అడుగులకు పైగా చోటు కావాలి. అంటే సాళ్ల మధ్యలోకి ముందుకు వెళ్లడం తేలికే, రావడం మాత్రం రివర్సులోనే. రివర్సు కెమెరా ఉంది, కానీ అందులో డ్రిప్పు పైపు కనబడదు. రెండు చోట్ల పైపు నలిగింది. ట్రాక్టరు డ్రైవరు కుర్రవాడు వచ్చి, "పెద్దాయనా, దీన్ని గట్టు మీదే ఉంచండి, నేను ట్రాలీలో అక్కడిదాకా తెస్తా" అన్నాడు. ఆ తర్వాత అలాగే చేశాం. ముప్పై లక్షలు దాటిన బండి గట్టు మీద చెట్టు నీడన నిలబడింది, పనంతా ట్రాలీ చేసింది.

ఏఎంఆర్‌పీ (మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ గట్టు దాటి మా ఊరి దారిలోకి తిరిగితే అసలు కథ మొదలవుతుంది. గ్రామీణ సడక్ పథకం కింద వేసిన తారు రోడ్డు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు, రద్దీ తక్కువ ఉండే చోట 3 మీటర్లే. ఈ బండి అద్దాలు కూడా కలుపుకుంటే అందులో సగానికి మించి తినేస్తుంది. ఎదురుగా మోటారుసైకిలు మీద ఇద్దరు వస్తుంటే, నేను వేగం తగ్గించి ఎడమ చక్రాలు మట్టిలోకి దింపేలోపే వాళ్లు తమంతట తామే రోడ్డు దిగి కంకరలోకి పోతున్నారు. బస్సుకు కూడా జనం దారి ఇస్తారు. కానీ బస్సు వస్తుందని వాళ్లకు ముందే తెలుసు. అది వచ్చే వేళ తెలుసు, చాలాసార్లు డ్రైవరూ తెలుసు. ఈ బండిని చూసి దిగేవాళ్ల మొహాల్లో కనిపించింది గౌరవం కాదు, జాగ్రత్త. ఇనుప గార్డు, నల్లటి అద్దాలు, నెత్తిన లైట్లు ఉన్న బండి ఎవరిదై ఉంటుందో మన జిల్లాలో జనానికి ఒక అంచనా ఉంటుంది. దాంతో వాదం పెట్టుకోరు.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర, ప్రకాశం బజారులో ఈ బండి నిలపడం గురించి ఎక్కువ రాయను. నిలపలేం. దూరంగా పెట్టి నడిచి వెళ్లాం.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మొదటి రోజే ముందు భాగం నన్ను ఇబ్బంది పెట్టింది. బస్సులో నా మోకాళ్ల ముందే అద్దం, అద్దం అవతల రోడ్డే. ఇక్కడ నా ముందు బల్లపరుపుగా ఒక బానెట్, దాని అంచు అవతల ఏముందో తెలియదు. అందుకని ఒక ఆదివారం ఇంటి ఆవరణలో కొలిచి చూశాను. ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, హ్యాండ్ బ్రేకు లాగి, అప్పుడు మొదలుపెట్టాను. బానెట్ ముందు అంచు నేల నుంచి నాలుగు అడుగులకు ఒకటి రెండు అంగుళాలు తక్కువ. మందు కలిపే ప్లాస్టిక్ డ్రమ్ము, రెండున్నర అడుగుల ఎత్తుది, బంపరు ముందు పెట్టి సీట్లో కూర్చున్నాను. లేదు. మా అబ్బాయి దాన్ని ఒక్కో అడుగు ముందుకు జరుపుతూ పోయాడు. అయిదడుగులు దాటాక మూత అంచు కనిపించింది. నేల మీద గీసిన సుద్దగీత కనబడాలంటే పద్నాలుగు, పదిహేను అడుగుల అవతల గీయాల్సి వచ్చింది.

తర్వాత మా మనవరాలు వచ్చి తానూ నిలబడతానంది. రెండో తరగతి చదువుతుంది. బంపరుకు ఆనుకుని నిలబడితే జడ రిబ్బను వరకు కనిపించింది. "కూర్చో" అన్నాను. మాయమైంది. కూర్చునే ముందుకు జరగమంటే, కప్పగంతులు వేస్తూ ఏడడుగులు పోయాక గాని తల బయటపడలేదు. పిల్లకు అది ఆట, మళ్లీ మళ్లీ చేద్దామంది. మా కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ సాయంత్రం నుంచి బండి తీసేటప్పుడు ఆమె బయటికి వచ్చి, పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని నిలబడటం మొదలుపెట్టింది. నేను ఆమెకు ఏమీ చెప్పలేదు.

మా ఇంటి ముందు వీధిలో పిల్లలు గోళీలాడతారు, బంతి కోసం బండి కిందికి దూరతారు. బత్తాయి తోటలో కూలీల పిల్లలు తట్టల మధ్య కూర్చుని ఉంటారు. రోడ్డు మీద వేగంగా పోయేటప్పటి ప్రమాదం కాదిది. ఇంటి ముందు, నిలబడిన చోటు నుంచి కదిలే మొదటి రెండు సెకన్లది. రివర్సుకు కెమెరా పెట్టిన కంపెనీ ముందుకు పెట్టలేదు, ముందు అద్దం ఉంది కదా అనుకున్నట్టున్నారు.

ఇదంతా నాకు కొత్తగా తట్టిన ఆలోచన కాదు. మా అమ్మాయి కుటుంబం నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్‌లో ఉంటుంది. మేమిద్దరం వెళ్లి ఒక వేసవి అక్కడ గడిపాం. ఆ ఊళ్లో ఇళ్ల మధ్య వీధులు మన వీధులకంటే పెద్దవేమీ కావు. చిన్న చిన్న కార్లు, ఎర్రటి సైకిలు దారులు, ఒంటరిగా సైకిలు తొక్కుకుంటూ బడికి పోయే పిల్లలు. వాళ్ల వీధి చివర ఒక భవన నిర్మాణ కాంట్రాక్టరుది అమెరికన్ బండి ఉండేది, రామ్ 1500. మా మేనల్లుడి బండి దాని ముందు పిల్ల. పొడవు 5.9 మీటర్ల దాకా, వెడల్పు రెండు మీటర్లకు పైన, బరువు రెండున్నర టన్నులు. గీతల మధ్య పెడితే ముక్కు బయటికి వచ్చి సైకిలు దారి మీద ఆగేది. పిల్లలు సైకిలు దిగి, దాని చుట్టూ తిరిగి, మళ్లీ ఎక్కేవారు. తొట్టిలో ఇటుక గాని, సిమెంటు గాని నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన పనివాళ్లు పొట్టి వ్యానుల్లో వచ్చేవారు.

మరి అది ఎందుకు కొన్నాడని అల్లుణ్ణి అడిగితే పన్ను సంగతి చెప్పాడు. ఆ దేశంలో కారు కొంటే రిజిస్ట్రేషన్ పన్ను భారీగా పడుతుంది. వ్యాపారానికి వాడే సరుకు బండి అయితే మినహాయింపు ఉండేది. వెనక తొట్టి ఉంది కాబట్టి ఇదీ సరుకు బండే. ఆ మినహాయింపును 2025 జనవరి 1 నుంచి తీసేశారు. పేరుకు సరుకు, వాడకం షికారు. కాగితాల మీద బండిని ఏ గడిలో రాయించాలో తెలిసినవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు, మన రవాణా కార్యాలయాల ముందు కూర్చునే ఏజెంట్లు అక్కడికి పోయినా బతికేస్తారు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఐరోపాలో ఒక కారు మోడలు అమ్మాలంటే, అది ఢీకొంటే పాదచారి తలకు, కాళ్లకు ఎంత దెబ్బ తగులుతుందో పరీక్షించాలి. కొత్త మోడళ్లకు 2005 నుంచే ఆ నిబంధన మొదలైంది. అమెరికాలో అలాంటి తప్పనిసరి పరీక్ష లేదు. 2024 సెప్టెంబరులో ఒక ప్రతిపాదన మాత్రం ముందుకు తెచ్చారు. మరి రామ్, ఫోర్డ్ ఎఫ్-150 లాంటివి ఐరోపా రోడ్ల మీదికి ఎలా వచ్చాయి? ఒక్కో బండికి విడిగా అనుమతి తీసుకునే దారి ఒకటి ఉంది. ఎవరో ఒకరు అరుదైన బండి తెచ్చుకుంటే ఉపయోగపడాలని పెట్టిన సందు అది. ఆ సందులోంచి ఇప్పుడు ఏడాదికి వేల బండ్లు వస్తున్నాయి. 2025 ఆగస్టులో అమెరికా, ఐరోపా సమాఖ్య కలిసి విడుదల చేసిన వాణిజ్య ప్రకటనలో ఒకరి వాహన ప్రమాణాలను ఇంకొకరు గుర్తించే ఉద్దేశం ఉందని రాసుకున్నారు. అది అమలైతే సందు కాస్తా సింహద్వారం అవుతుందని అక్కడి రోడ్డు భద్రతా సంఘాలు మొత్తుకుంటున్నాయి.

వాళ్ల భయానికి లెక్కలున్నాయి. బెల్జియంలో వియాస్ అనే రోడ్డు భద్రతా సంస్థ 2023లో తమ దేశపు ప్రమాదాలను పరిశీలించి చెప్పింది: నడిచేవాణ్ణో, సైకిలు మీద పోయేవాణ్ణో కారుకు బదులు పికప్పు ఢీకొంటే తీవ్రంగా గాయపడే అవకాశం 90 శాతం ఎక్కువ, చనిపోయే అవకాశం దాదాపు 200 శాతం ఎక్కువ. బానెట్ ఎత్తు 80 సెంటీమీటర్ల నుంచి 90కి పెరిగితేనే మరణం ముప్పు పావు వంతుకు పైగా పెరుగుతుందట. ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఐరోపాలో అమ్ముడయ్యే కొత్త కార్ల బానెట్ సగటు ఎత్తు 2010లో 76.9 సెంటీమీటర్లు, 2024లో 83.8. అదే నివేదికలో రామ్ టీఆర్‌ఎక్స్ అనే మోడలు బానెట్ 132 సెంటీమీటర్లని ఉంది. ముందు నిలబడితే తొమ్మిదేళ్ల పిల్లల దాకా దాని డ్రైవరుకు కనబడరట. నేను మా ఆవరణలో డ్రమ్ముతో చేసిన పని వాళ్లు ప్రయోగశాలలో చేశారు.

ఎత్తు ఎందుకు చంపుతుందో బస్సు నడిపినవాడికి వివరించనక్కరలేదు. పల్లపు ముక్కు ఉన్న కారు తగిలితే దెబ్బ మోకాళ్ల దగ్గర పడుతుంది. మనిషి బానెట్ మీదికి ఒరిగిపోతాడు. కాలు విరగవచ్చు, బతికే అవకాశం ఉంటుంది. నిలువు గోడ ఉన్న బండి తగిలితే దెబ్బ నేరుగా నడుముకు, ఛాతీకి. పిల్లలకైతే తలకే. మనిషి మీదికి లేవడు, ముందుకు పడతాడు, చక్రాల దారిలోకి.

అమెరికాలో 2009లో 4,109 మంది పాదచారులు రోడ్డు మీద చనిపోయారు. 2022కు ఆ సంఖ్య 7,500 దాటింది. కారణం బండ్ల సైజు ఒక్కటే అనడానికి లేదు, ఫోన్లున్నాయి, రాత్రి వేళ వెలుతురు లేని రోడ్లున్నాయి. అయినా బండ్ల ముక్కుల ఎత్తును అక్కడి పరిశోధకులు వదిలిపెట్టలేదు. అక్కడి బీమా కంపెనీల నిధులతో నడిచే రహదారి భద్రతా సంస్థ 2023లో లెక్కగట్టింది: నలభై అంగుళాలకు మించి ఎత్తున్న బానెట్ ఢీకొంటే, ముప్పై అంగుళాల లోపు ఏటవాలు బానెట్‌తో పోలిస్తే పాదచారి చనిపోయే అవకాశం 45 శాతం ఎక్కువ. మా మేనల్లుడి బానెట్ నలభై ఆరు అంగుళాలు.

బస్సు ఇంకా పెద్దది కదా, దానికీ నిలువు ముక్కే కదా అని మావాడే నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్న. బస్సు కింద పడ్డవాళ్లను నేను చూశాను, దాని గురించి గొప్పలు చెప్పను. కానీ ఒక బస్సు యాభై మందిని తీసుకుపోతుంది. అది తిరగకపోతే ఆ యాభై మంది ఇరవై, ముప్పై బండ్ల మీద రోడ్డెక్కుతారు. దాన్ని నడిపేవాడికి వేరే లైసెన్సు కావాలి, శిక్షణ ఉంది, డిపోలో అడిగేవాడున్నాడు. కండక్టరు రైట్ అంటే గాని కదలడు. ఈ బండికి మామూలు కారు లైసెన్సు చాలు, లోపల చాలాసార్లు ఒక్కడే ఉంటాడు, ఒక చేతిలో ఫోను ఉంటుంది. మావాడు దీనికి జవాబు చెప్పలేదు, కానీ ఫోను పక్కన పెట్టాడు.

మన దగ్గర రోడ్డు మీద ఉన్నది ఎవరు? కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు 74,897 మంది, నడిచి పోతున్నవాళ్లు 32,825 మంది. ఇద్దరినీ కలిపితే ముగ్గురిలో దాదాపు ఇద్దరు. చుట్టూ రేకు లేని మనుషులు. ఐరోపా సమాఖ్యలో 45 కోట్ల జనాభాకు 2024లో చనిపోయినవాళ్లు ఇరవై వేల లోపు. ఆ స్థితిలో ఉన్నవాళ్లే పెద్ద బండ్లను చూసి కంగారు పడుతుంటే, మనం ఇనుప గార్డు కూడా తగిలించి పంపుతున్నాం.

ఆ గార్డు సంగతి. మన దేశంలోనూ కొత్త కారు మోడళ్లకు పాదచారుల రక్షణ నిబంధన 2018 అక్టోబరు నుంచి ఉంది. దాని కోసం కంపెనీలు బంపరు వెనక నలిగే పదార్థం పెట్టి, బానెట్ కింద కొంత ఖాళీ ఉంచుతాయి. దాని ముందు నాలుగు అంగుళాల ఇనుప గొట్టం బిగిస్తే ఆ ఖర్చంతా వృథా. ఎయిర్‌బ్యాగు సెన్సార్లు పనిచేయాల్సిన క్షణాన్ని కూడా ఆ గొట్టం చెడగొట్టవచ్చు, అంటే లోపల కూర్చున్నవాడికీ చేటే. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలన్నిటికీ లేఖ రాసి, ఇవి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని, చర్య తీసుకోమని చెప్పింది. బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తీర్పు చెప్పింది. ఎత్తు లేపడం, లావు టైర్లు కూడా ఆ మాట కిందికే వస్తాయని నా అభిప్రాయం. గార్డు బిగించిన దుకాణంవాడు మావాడితో ఇదేమీ అనలేదు. "సార్, బండికి ఏమీ కాదు" అన్నాడట. బండికి నిజంగానే ఏమీ కాదు.

రాత్రి నడిపితే లైట్ల బాధ ఒకటి. హెడ్‌లైట్లు ఎంత ఎత్తున ఉన్నాయంటే డిమ్ములో పెట్టినా ఎదురుగా బైకు మీద వచ్చేవాడి కళ్లలోకే పోతాయి. బండిని లేపినప్పుడు లైట్ల కోణం కిందికి సరిచేయాలి, చేయలేదు. దేవరకొండ రోడ్డులో ఎదురువచ్చే ప్రతివాడూ నాకు డిమ్మూ డిప్పూ కొట్టి తిట్టుకుంటూ పోయాడు. నేను డిమ్ములోనే ఉన్నానని వాళ్లకు ఎలా చెప్పేది? ఆ పై లైట్ల పట్టీ స్విచ్చు ఒకసారి వేసి చూసి, వెంటనే ఆపాను. అది అడవిలో పనికొస్తుంది. నల్లగొండ చుట్టుపక్కల అంత అడవి ఎక్కడుందో మావాడే చూపించాలి.

పారిస్‌లో 2024 ఫిబ్రవరిలో జనాన్నే ఓటు అడిగారు: బరువైన కార్లకు పార్కింగు రుసుము మూడింతలు చేద్దామా అని. ఓటు వేసింది కొద్దిమందే గాని, వేసినవాళ్లలో 54 శాతానికి పైగా సరేనన్నారు. అక్టోబరు నుంచి, బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు నగరం నడిబొడ్డున గంటకు 18 యూరోలు. పెట్రోలు, డీజిలు బండి 1.6 టన్నులు, కరెంటు బండి 2 టన్నులు దాటితే వర్తిస్తుంది. మావాడి బండి ఆ లెక్కలో నిలుస్తుంది. ప్రకాశం బజారులో గంటకు ఇరవై రూపాయలు అడిగినా మనం గొడవ పెట్టుకుంటాం కాబట్టి ఆ ఉపాయం ఇక్కడ ఇప్పట్లో వద్దులెండి.

చిన్న బండ్లు పుణ్యమూర్తులని నేను అనడం లేదు. టన్నుంపావు మోసే బండిలో రెండున్నర టన్నులు వేసేవాళ్లు, పత్తి ఏరడానికి కూలీలను ట్రాలీలో కిక్కిరిసి నిలబెట్టి తీసుకుపోయేవాళ్లు మన జిల్లాలో రోజూ కనిపిస్తారు. అది వేరే పాపం, దాన్ని ఆపడం వేరే పని. కానీ ఆ బండి తిరిగేది పని ఉంది కాబట్టి.

ఎవరు కొనాలి? కొండదారుల్లో తిరిగే ఉద్యోగం ఉండి, నలుగురు మనుషులతో పాటు కొద్దిపాటి పరికరాలు మోయాల్సిన వాళ్లకు ఫోర్ వీల్ డ్రైవు నిజంగా అవసరం. వానాకాలం మట్టిదారిలో అది బాగా పనిచేసింది, దానికి పూర్తి మార్కులు. హైవే ప్రయాణానికి నాలుగు, సౌకర్యానికి మూడున్నర (స్టూలుకు అర మార్కు తగ్గించాను), తోట పనికి ఒకటి. ఊళ్లో నడపడానికి సున్నా వేసేవాణ్ణి, బ్రేకులు బాగున్నాయి కాబట్టి ఒకటి. ఇవన్నీ అయిదుకు. బత్తాయికి, వరికి, ఇసుకకు, సిమెంటుకు కొనాలనుకుంటే మాత్రం ఆ డబ్బుతో బొలెరో పికప్పు ఒకటి, ఇంట్లోవాళ్లకు చిన్న కారు ఒకటి వస్తాయి, ఇంకా మిగులుతుంది.

ఇప్పటికే కొనుక్కున్నవాళ్లకు మావాడి చేత నేను చేయించినవి చెబుతాను. నల్లగొండలోనే ఒక మెకానిక్కు దగ్గర గార్డు ఊడదీయించాం. బంపరుకు పడ్డ రంధ్రాలు నాలుగు అలాగే ఉన్నాయి, వాటికి రబ్బరు బిరడాలు పెట్టాడు. హెడ్‌లైట్ల కోణం గోడకు కొట్టి చూసి కిందికి దించాడు, దానికి తీసుకుంది మూడు వందలు. ముందు బంపరు మధ్యలో చిన్న కెమెరా పెట్టించి, రివర్సు కెమెరా తెరకే కలిపించాం. స్విచ్చు నొక్కితే ముందు నేల కనిపిస్తుంది, మనవరాలు కూర్చున్నా కనిపిస్తుంది, పరీక్షించాం. పాత టైర్లు మళ్లీ వేయించడానికి, ఎత్తు దించడానికి మావాడు ఇంకా ఒప్పుకోలేదు. "మామా, అవి కూడా తీసేస్తే ఇక అందరి బండిలాగే ఉంటుంది" అంటున్నాడు. లావు టైర్ల కోసం ఎవరైనా చూస్తుంటే చెప్పండి, ఎక్కువ అరగలేదు, మంచి ధర వస్తే ఒప్పిస్తాను.